సాయంత్రంలోగా పూడ్చవలెను

శిరీష ఉద్యోగంలో చేరిన రోజునే ఆ సర్క్యులరు కూడా వచ్చి చేరింది. ఇద్దరూ ఒకే జీపులో వచ్చారు. శిరీష వెనకాల, పలుగులూ పారల మధ్య, తన పెట్టె మీద తానే కూర్చుని వచ్చింది. సర్క్యులరు మాత్రం ముందు సీట్లో, డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారి ఒళ్లో, నలక్కుండా ప్లాస్టిక్ కవర్లో వచ్చింది.

శిరీష పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చదివింది. ఫలితాలొచ్చిన చాన్నాళ్లకు తవ్వకాల శాఖలో ఫీల్డ్ అసిస్టెంటుగా కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఇంట్లో అందరూ సంతోషించారు గానీ, పనేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. పూర్వం మనుషులున్న చోట్లు చూసి జాగ్రత్తగా తవ్వుతామని చెబితే, మేనత్త బుగ్గన చెయ్యి పెట్టుకుని, "గుంతలు తవ్వేదానికి ఎమ్మే ఎందుకే? ఉపాధి పనికి పోయినా పార చేతికిస్తారుగా!" అంది.

తవ్వవలసిన చోటు రేగులపాడు పక్కనున్న పాటిదిబ్బ. ఎప్పుడో ఊరుండి పోయిన నేల. బూడిదరంగు మన్ను. పైరుకు బలమని రైతులు ఆ పాటిమన్ను బండ్లకెత్తి తోలుకుంటుంటే కుండపెంకులూ పూసలూ ఎముకలూ బయటపడ్డాయి. సగం దిబ్బ మిరపచేలల్లో కలిసిపోయాక, మిగిలిన సగం చరిత్ర అని శాఖ తేల్చింది.

పరాంకుశం గారు జీపు దిగి, కూలీలందరినీ వరసగా నిలబెట్టి సర్క్యులరు చదివారు. ఆయన ఇన్నేళ్ల సర్వీసులో ఫైళ్ల భాష తప్ప వేరే భాష వాడి ఎరగరు. టీ తాగినా, "ఇందులో చక్కెర లోపించినట్లు గమనించడమైనది" అంటారు.

"సమస్త శాఖలకు తెలియజేయునది ఏమనగా, ప్రజల ప్రాణరక్షణ దృష్ట్యా, ఏ శాఖ తవ్విన గుంతనైనను ఆ శాఖవారే, అదే దినము సాయంత్రములోగా, అందులో నుండి వెలువడిన మన్నుతోనే, నేలమట్టముగా పూడ్చవలెను."

దీని వెనక ఒక కథ ఉంది. రాజధానిలో మొక్కలు నాటే ఉత్సవానికి వెళ్లిన ఒక పెద్ద అధికారి, ఫొటో బాగా రావాలని రెండడుగులు వెనక్కి వేసి, తాను నాటబోయే మొక్క గుంతలో తానే పడ్డారు. మొక్కకు ఏమీ కాలేదు. అధికారికి మడమ బెణికింది. మంచం మీదున్న రోజుల్లో ఆయన రాష్ట్రంలోని గుంతలన్నిటి గురించీ ఆలోచించారు. రోడ్ల మీద గుంతల సంగతేమిటని ఎవరో అడిగితే, అవి ఏ శాఖా తవ్వినవి కావనీ, వాటంతటవే పడ్డవి గనక ఈ సర్క్యులరు కిందికి రావనీ స్పష్టత ఇచ్చారు.

శిరీష చెయ్యెత్తింది. "సార్, మనది తవ్వకాల శాఖ కదా!"

"అందువల్లనే మనకు మొదటి ప్రతి పంపించడమైనది," అన్నారు పరాంకుశం గారు, కాస్త గర్వంగానే.

కూలీల్లో దీనమ్మ అనే ఆవిడ, చంకలో ఏడాదిన్నర కూతుర్ని ఎగదోసుకుంటూ, "పూడ్చేదానికి తవ్వేదేందయ్యా?" అంది.

"తవ్వకపోతే పూడ్చడం ఎలా సాధ్యమమ్మా?" అన్నారాయన.

దీనమ్మ కూతుర్ని కింద దించి తట్ట అందుకుంది. పని మొదలైంది.

పొద్దున్నే నిన్నటి మన్ను తీయడం, మధ్యాహ్నం దాటగానే ఆ మన్ను తిరిగి పోయడం. మధ్యలో అన్నాలు తిన్నాక మిగిలే కాసేపట్లో పురావస్తు శాస్త్రం. చదువుకునేటప్పుడు మాస్టార్లు శిరీషకు మన్ను పొరలు పొరలుగా చదవడం నేర్పారు. పైపొర కొత్తది, కింది పొర పాతది, దేన్నీ దేంతోనూ కలపకూడదు అని. ఇక్కడ పొరలన్నిటినీ రోజూ పారలతో తిరగమోత పెట్టినట్టు కలిపి, మళ్లీ గుంతలో పోసి, పైన తొక్కుతున్నారు.

నేలమట్టం అయిందో లేదో చూడడానికి తిరుమలయ్య అనే గుంతల తనిఖీదారు వచ్చేవాడు. కొత్తగా పుట్టిన పోస్టు. సాయంత్రం స్కూటరు దిగి, చెప్పులు విప్పి, పూడ్చిన చోట అటూ ఇటూ నడిచేవాడు. పాదం దిగబడితే ఇంకో నాలుగు తట్టలు పోయించేవాడు. మనిషి మెత్తనివాడే. "నాదేం లేదమ్మాయ్, దిగబడితే రాయాలి, దిగబడకపోతే పోవాలి," అనేవాడు.

కొన్నాళ్లకు గుంతలోంచి వింత వస్తువులు రావడం మొదలైంది. నడుం లోతున ఒక గుట్కా కవరు దొరికింది. మర్నాడు ఐస్‌క్రీం పుల్ల. ఆ తరవాత తిరుమలయ్య పోగొట్టుకున్న పెన్ను. శిరీష నెత్తి పట్టుకుంది.

"ఇవి నిన్న పూడ్చేటప్పుడు పడ్డవి సార్!"

పరాంకుశం గారు గుట్కా కవరును రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులో చూశారు. "పై పొరలో గుట్కా కవరు. కింది పొరలో గుట్కా కవరు. అంటే ఈ ప్రాంతపు సంస్కృతి ఎక్కడా తెగకుండా కొనసాగినట్లు తెలియవచ్చుచున్నది. అలాగే రాయి."

నెలాఖరుకు పై ఆఫీసు నుంచి వీడియోలో సమీక్ష జరిగింది. తెర మీద కమిషనర్ గారి ముఖం, కింద జిల్లాల పేర్లు. నెలలో మొత్తం ఎంత లోతు తవ్వారన్నది ప్రశ్న. తవ్విన గుంతను రోజూ పూడ్చేస్తున్నారు కాబట్టి, మర్నాడు తవ్వేది కొత్త గుంత కిందే లెక్క. అలా కూడుకుంటూ పోతే రేగులపాడు తవ్వకం తాటిచెట్ల లోతు ఎప్పుడో దాటిపోయింది.

"భేష్!" అన్నారు కమిషనర్ గారు. "అంత లోతున ఉన్నది ఎంత పాతదై ఉంటుంది?"

"లోతును బట్టి పాతదనం పెరుగును సార్. ఆ ప్రకారం రాతియుగం దాటి పోవడమైనది."

"పక్క జిల్లావాళ్లు ఇంకా రాజుల కాలంలోనే కొట్టుకుంటున్నారు. మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి."

శిరీష ఉండబట్టలేక ముందుకు వంగింది. "సార్, రోజూ తవ్వేది ఒకే గుంత సార్. ఇలా లెక్కేస్తే వచ్చే నెలకు భూమ్మీద మనిషే లేని కాలానికి వెళ్లిపోతాం."

కమిషనర్ గారు తెరలోంచి ఆమెను ప్రేమగా చూశారు. "వెళ్లండమ్మా. మొహమాటపడకండి. టార్గెట్టు దాటితే తప్పేముంది?"

ఆ వారంలోనే అసలైనది కనబడింది.

గుంతలో ఒక మూల, ఛాతీ లోతున, గట్టిగా అలికిన మట్టినేల తగిలింది. ఎవరిదో ఇల్లు. నేల మీద మూడు రాళ్ల పొయ్యి, చుట్టూ మసి. శిరీష మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో మెల్లగా ఊడుస్తుంటే పొయ్యి పక్కన ఒక చిన్న పల్లం కనబడింది. ఊదింది. మడమ. ఇంకాస్త ఊదింది. అయిదు వేళ్లు.

పసిబిడ్డ అడుగు. ఒకే ఒక్కటి. కుడికాలు.

గుంతలో ఉన్నవాళ్లంతా పలుగులు వదిలేసి వచ్చి వంగారు. దీనమ్మే ముందుగా నోరు విప్పింది.

"అలికిన నేల ఆరకముందే తొక్కింది, దొంగముండ. నడక కొత్తగా వచ్చినట్టుంది, వేళ్లు ఎట్టా బిగబట్టిందో చూడు. రెండో అడుగు లేదంటే, వాళ్లమ్మ రెక్క పట్టుకుని లేపేసుంటది."

"పక్కనే పొయ్యి ఉందిగా. కాలుద్దని లేపుంటది," అన్నాడు ఇంకొకడు.

శిరీష చదువులో రాజులూ శాసనాలూ చూసింది. ఎప్పటిదో తెలియని ఒక తల్లి గాభరా, మన్నులో ఇంత పచ్చిగా నిలిచి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ నేలను బిళ్లలా కోసి పైకి తీయగల నిపుణుడు హైదరాబాదులో ఉన్నాడు. ఫోన్ చేస్తే వస్తానన్నాడు. కాకపోతే, ముందు నేల గాలికి బాగా ఆరాలి, మందు పూయాలి, అది పట్టేదాకా గుంత కొన్నాళ్లు తెరిచే ఉంచాలి అన్నాడు.

ఆ సాయంత్రం తిరుమలయ్య వచ్చాడు.

"పూడ్చాలమ్మాయ్."

శిరీష బతిమాలింది. అడుగు చూపించింది. తిరుమలయ్య గుంతలోకి తొంగి చూసి, చాలాసేపు చూసి, చెప్పులు తొడుక్కున్నాడు. "నాకూ మనవరాలుంది. ఏం చేసేది? తెరిచిన గుంతను తెరిచినట్టే రాస్తే నా ఉద్యోగం అందులో పడుద్ది."

దీనమ్మ తన పాత నూలుచీర తెచ్చింది. దాన్ని అడుగు మీద నాలుగు మడతలు పరిచి, పైన ఇసక పోసి, ఆ పైన మన్ను పోశారు. మర్నాడు అడుగు క్షేమంగా ఉంది. కానీ రెండోరోజు తిరుమలయ్య తలెత్తకుండా చెప్పాడు. గుంతలోంచి వచ్చిన మన్నుతోనే పూడ్చాలని రూలు. ఇసక బయటిది. చీర అసలే బయటిది.

ఆనాటి నుంచి అడుగు మీద ఒట్టి మన్ను పడసాగింది. శిరీష ఆ మూల ఎవర్నీ పార పెట్టనివ్వక, చేతులతోనే పోసేది, చేతులతోనే తీసేది. అయినా ఒకరోజు తీసేసరికి చిటికెన వేలు లేదు. ఇంకో నాలుగు రోజులకు దాని పక్క వేలి ఆనవాలు చెదిరిపోయింది. ఆ మధ్యాహ్నం శిరీష అన్నం తినలేదు.

ఆమె పరాంకుశం గారి దగ్గరికి వెళ్లి, ఈ ఒక్క గుంతకు మినహాయింపు అడగమంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పూడ్చకపోతే రేపు కొత్త గుంత ఉండదు. కొత్త గుంత లేకపోతే లోతు పెరగదు. లోతు పెరగకపోతే రాష్ట్రపు ప్రాచీనత అక్కడే ఆగిపోవును. ఆ బాధ్యత ఎవరు వహించెదరు? నువ్వా, నేనా?"

"అక్కడ బిడ్డ అడుగు చెరిగిపోతోంది సార్!"

"చెరగక ముందు ఉన్నట్లు ఫొటో ఉన్నది కదా."

శిరీష బసకు వచ్చి సర్క్యులరు ముందేసుకుని కూర్చుంది. ఎమ్మేలో శాసనాలు చదివిన పద్ధతిలోనే చదివింది. అక్షరం అక్షరం, అరిగిన చోట వేలు పెట్టి. చిట్టచివర, సంతకం కింద, చీమల బారులాంటి అచ్చులో మినహాయింపులున్నాయి. బావులు. సమాధులు. శంకుస్థాపన నిమిత్తం తీసిన గుంతలు.

బావికి నీళ్లుండాలి. సమాధికి శవం ఉండాలి. శంకుస్థాపనకు ఏమీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నా దాన్నెవరూ ముట్టుకోరు. పెద్దల పేరున్న రాయి జోలికి పోవడం ఎవరికైనా ప్రమాదమని ఆ బెణికిన మడమ అధికారికి కూడా తెలుసు.

మర్నాడు ఆమె పరాంకుశం గారితో, "సార్, ఇంత ప్రాచీనమైన చోట మ్యూజియం లేకపోతే ఏం బాగుంటుంది? శంకుస్థాపనకు గుంత కూడా సిద్ధంగానే ఉంది," అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన రిటైర్మెంటు దగ్గర పడింది. శిలాఫలకం మీద కింది వరసలో చిన్న అక్షరాలతోనైనా తన పేరుంటుంది. రాయవలసిందంతా ఆయనే రాశారు. పై ఆఫీసులో ఏ కాగితమైనా నెలల తరబడి కునికిపాట్లు పడుతుంది గానీ, శంకుస్థాపన అనేసరికి మూడోనాటికే శాఖ మంత్రి, అందరూ పెద్దాయన అనే ఆయన, డేటు ఇచ్చేశారు. భవనానికి స్థలం, నక్షా, మంజూరు ఏవని ఎవరూ అడగలేదు. పూలదండ సైజు మాత్రం అడిగారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, ముందురోజు పరాంకుశం గారు కార్యక్రమ వివరాలు పట్టుకొచ్చారు.

"శిలను ఈశాన్యమూలన ప్రతిష్ఠించవలెను. సిమెంటు పోయవలెను. పెద్దాయన వెంట వారి సొంత సిద్ధాంతి కూడా వచ్చుచున్నారు."

ఈశాన్యంలోనే పొయ్యి. పొయ్యి పక్కనే అడుగు.

"సార్, ఆ మూల అడుగుంది సార్!"

పరాంకుశం గారు గుంతలోకి చూసి పెదవి విరిచారు. "ఈశాన్యంలో పొయ్యి పెట్టారు. అందుకే ఆ నాగరికత నశించినది. మనం అదే పొరపాటు చేయరాదు." ఆమె ముఖం చూసి జాలిపడ్డారు గాబోలు, "సిమెంటు మెల్లగా పోయమని చెప్పెదను," అన్నారు.

మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే నిన్నటి మన్ను తీశారు. నేల ఊడ్చారు. తవ్వకాల్లో ఫొటో తీసేటప్పుడు ఉత్తరం ఎటో తెలియడానికి గుంతలో ఒక చెక్క బాణం పెడతారు. ఎర్ర రంగు, తెల్ల రంగు, తోక మీద శాఖ ముద్ర. శిరీష ఆ బాణం దగ్గర కాసేపు నిలబడి, వంగి, దాని ముక్కును ఇటునుంచి అటు తిప్పి పెట్టింది.

గట్టు మీది నుంచి దీనమ్మ చూసింది. "ఏందమ్మా, బాణం అటు తిప్పావు?"

"ఉత్తరం మారింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"గవర్నమెంటు మార్చిందా?"

శిరీష బాణం మీది దుమ్ము తుడిచింది. "ఆఁ."

"అట్టయితే సరే," అని దీనమ్మ చీపురు అందుకుంది.

పరాంకుశం గారు పట్టుపంచెలో వచ్చారు. బాణం చూశారు. అడుగున్న మూల చూశారు. మళ్లీ బాణం చూశారు. "నిన్న ఈ మూల ఈశాన్యమైనట్లు గుర్తు."

"నిన్నటి గుంత పూడ్చేశాం కదా సార్," అంది శిరీష. "ఇది ఇవాళ తవ్విన కొత్త గుంత. మన రికార్డు ప్రకారం."

ఆయన పట్టుపంచె కుచ్చెళ్లు సర్దుకున్నారు. కాదంటే ఇన్నాళ్ల లోతూ అబద్ధమవుతుంది. రాష్ట్రం రాతియుగం అవతలి నుంచి ఒక్కసారిగా ఛాతీ లోతుకు వచ్చి పడుతుంది.

"అవును," అన్నారు చివరికి. "కొత్త గుంత. ఈశాన్యం ఆ మూలకు మారినట్లు గమనించడమైనది."

తూర్పున సూర్యుడు మాత్రం ఏ మాటా వినకుండా బాణానికి ఎదురుతిరిగి నిలబడి ఉన్నాడు. అదొక్కటే శిరీష భయం. ముహూర్తం పొద్దున తొమ్మిదికి. కానీ పెద్దాయన పెద్దాయనే గనక పన్నెండు దాటాకే వచ్చారు. అప్పటికి సూర్యుడు అందరి నడినెత్తి మీదా నిలబడి, ఏ దిక్కుకూ సాక్ష్యం చెప్పలేని స్థితిలో ఉన్నాడు.

సిద్ధాంతి గారు గుంతలోకి దిగి అనుమానంగా ముక్కు ఎగబీల్చి, జేబులోంచి సెల్‌ఫోన్ తీశారు. అందులో దిక్కులు చూపేది ఉంది.

"ఏమండీ, ఇది తిరగబడి ఉంది. ఉత్తరం ఇటు కదా!"

పరాంకుశం గారు అడుగు ముందుకు వేశారు. "మన్నించాలి. అది ప్రైవేటు ఫోను. దాని ఉత్తరం ప్రభుత్వ కార్యక్రమాలకు చెల్లదు. శాఖాపరమైన ఉత్తరం ఇదీ." తోక మీది ముద్ర చూపించారు.

"సూర్యుణ్ణి చూసినా..."

"సూర్యుని నుండి లిఖితపూర్వకంగా ఏదీ అందలేదు."

పెద్దాయనకు ఎండ తగులుతోంది. ఇంకో చోట ఇంకో రాయి వేయాలి. "ఏదో ఒకటి కానివ్వండయ్యా, దిక్కులదేముంది!" అన్నారు. కొబ్బరికాయ కొట్టారు, పాలు పోశారు, నవధాన్యాలు చల్లారు. వెండి తాపీతో సిమెంటు వేశారు. అడుగున్న మూలకు సరిగ్గా ఎదురు మూలలో.

సాయంత్రం తిరుమలయ్య అలవాటుగా వచ్చాడు. శిలాఫలకం చూడగానే గట్టు మీదే నిలబడి, చెప్పులు విప్పి, దానికొక దణ్ణం పెట్టాడు. "ఇంక దీని జోలికి నేను రానమ్మాయ్," అన్నాడు. ఫలకానికి ఎండా వానా తగలకూడదని వారంలోపే గుంత మొత్తానికీ రేకుల షెడ్డు వేశారు. నిపుణుడు వచ్చి నేలకు మందు పూశాడు. కోసి తీయడానికి మాత్రం వీల్లేదని తేలింది. శంకుస్థాపన గుంతలోంచి, భవనం పూర్తయ్యేదాకా, దేన్నీ కదిలించరాదట.

ఆ తరవాతి నెల సమీక్షలో, తవ్వేదేమీ లేక, రేగులపాడు లోతు సున్నా. కమిషనర్ గారు నొచ్చుకున్నారు. ముందున్న జిల్లా ఉన్నట్టుండి ఇలా వెనకబడితే ఎలా అన్నారు. కాంట్రాక్టు వాళ్లను తీసేస్తారని దిబ్బ మీద పుకారు పుట్టింది. శిరీష పెట్టె సర్దుకుని, అడుగును ఇంకోసారి చూసి వద్దామని వచ్చింది. అప్పటికే పరాంకుశం గారు షెడ్డు ముందు కూలీలందరినీ వరసగా నిలబెట్టి ఉన్నారు. చేతిలో ఉత్తర్వు.

"సదరు శంకుస్థాపన శిలకు, తత్సంబంధిత గుంతకు కాపలా అవసరమైనందున, శ్రీమతి లేక కుమారి శిరీషను శిలా సంరక్షకురాలిగా, కేవలం తాత్కాలిక ప్రాతిపదికన నియమించడమైనది."

దీనమ్మ కూతుర్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "తాత్కాలికమంటే ఎప్పటిదాకా అయ్యా?"

పరాంకుశం గారు కాగితం తిప్పి చూశారు. "మ్యూజియం భవన నిర్మాణం పూర్తయి, ప్రారంభోత్సవం జరుగు పర్యంతము."

కూలీలంతా ఒక్కసారి శిరీష వంక తిరిగారు.

"ఓరి దేవుడా!" అంది దీనమ్మ. "ఇంక నువ్వు ఈడే ఇల్లు కట్టుకోవచ్చు. పిల్లల్ని కని, పెంచి, పెళ్లిళ్లు చెయ్యొచ్చు."

"నా సర్వీసు మొత్తంలో ఇంత శాశ్వతమైన తాత్కాలిక ఉద్యోగం చూసి ఉండలేదు," అన్నారు పరాంకుశం గారు. మొదటిసారి ఆయన గొంతులో అసూయ వినబడింది. "అభినందనలు తెలియజేయడమైనది."

శిరీష పెట్టె గట్టు మీద పెట్టి గుంతలోకి దిగింది. పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంది. మడమ ఉంది. మూడు వేళ్లున్నాయి. పొద్దున ఎవరో శిలకు చేసిన పూజలోంచి ఎగిరొచ్చిన బంతిరేకు ఒకటి బొటనవేలి పల్లంలో పడి ఉంటే, బ్రష్షు మొనతో తీసేసింది.

పొద్దు వాలింది. గట్టు మీద ఎవరూ పార అందుకోలేదు.